నాదని చెప్పలేని పెట్టె

నా నోటి గురించి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. యాంగోన్‌లో, పబేడాన్ సందులో అట్లు పోసుకుని బతికేదాన్ని. ఇంకాస్త చట్నీ అడిగినవాడికి వేస్తాను. అడక్కుండా గిన్నెలో చెయ్యి పెట్టేవాడికి గరిటె చూపిస్తాను. బర్మావాళ్ళతో బర్మాలో, అరవవాళ్ళతో అరవంలో, మనవాళ్ళతో మన మాటలో దెబ్బలాడగలను. "నీ నోరు ఇని రేవులోకొచ్చిన ఓడలు ఎనక్కి మల్లిపోతన్నాయే" అని మా అన్నయ్య ఏడిపించేవాడు. అంతటి నోరూ విమానాశ్రయంలో ఒక్క మాట దగ్గర పెగల్లేదు. "నాది" అనాలి. అంతే. అనలేకపోయాను.

ఎందుకు అనలేకపోయానో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెబితే కొందరు నవ్వుతారు, కొందరు జాలిపడతారు. రెండూ నాకు గిట్టవు. అన్నయ్య పోయాడు కాబట్టి ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

మా ఇల్లు అదే ఊళ్ళో, మింగళ తౌంగ్‌న్యున్. శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో వచ్చి రేవులో మూటలు మోసిన మా తాతలు అక్కడొక రామమందిరం కట్టుకున్నారు. మా నాన్న కూడా రేవు కూలీయే. అన్నయ్య మాత్రం నాలుగు ముక్కలు చదువుకుని బోటాటౌంగ్ రేవు గోదాముల్లో గుమాస్తాగా చేరాడు. నాకంటే చాలా పెద్దవాడు. నేను పాలు మరవకముందే అమ్మ పోతే నన్ను పెంచింది అన్నయ్యే. జడ వేసింది తనే, బడికి తీసుకెళ్ళింది తనే, వీపు మీద ఒకటి వేసిందీ తనే.

తను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఇండియావాళ్ళు దుకాణాలు పోగొట్టుకుని తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోతున్నారు. వెళ్ళేవాళ్ళ చేతుల్లో ఏమున్నా రేవులో కస్టమ్స్ వాళ్ళు ఆపేసేవారట. ఒక సేఠు తన హార్మనీ పెట్టెను ఓడ మెట్ల దాకా మోసుకొచ్చి, ఎక్కించుకోనివ్వకపోతే దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడు. అన్నయ్య తన మొదటి జీతం ఆయన చేతిలో పెట్టి పెట్టె తీసుకున్నాడు. "ఆయన ఏడుపు సూడనేక కొన్నాను గానీ, అప్పటికి నాకు సరిగమలు కూడా రావే" అనేవాడు. ఇంటికి కూడా తేకుండా సరాసరి మందిరానికి తీసుకుపోయి రాముడి ముందు పెట్టాడట. ఆ పూట నుంచీ అది దేవుడి పెట్టె.

మా భజన మేళానికి ఒక కట్టుబాటుంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. మందిరంలో పెట్టినదాన్ని ఎవరూ నాది అనకూడదు. మద్దెల కానీ, తాళాలు కానీ, చిడతలు కానీ, ఆఖరికి కూర్చునే చాప కానీ. ఎవరు కొన్నా ఎవరు బాగుచేయించినా రాముడిదే. వాయించేవాడు పెట్టె ఎత్తే ముందు "రామయ్యా, నీ పెట్టె తీత్తన్నాం" అని చెప్పి ఎత్తాలి. దించాక "నీ పెట్టె నీకాడే ఉంది" అని అప్పజెప్పాలి. నోరు జారి "నా మద్దెల" అన్నవాడు శనివారం భజనయ్యాక ప్రసాదం వండిన గుండిగలు తోమాలి. అడుగంటిన పులిహోర గుండిగ తోమినవాడికి తెలుస్తుంది ఆ బాధ. ఈ కట్టుబాటుకి అన్నయ్యే కాపలా. చిడతల మోతలో కూడా ఎవరు ఏమన్నదీ తనకి వినపడేది.

చిన్నప్పుడు నేనొకసారి పక్కింటి పిల్లతో "అది మా అన్నియ్య పెట్టె, ముట్టుకోకు" అన్నాను. అంత పెద్ద మేళంలో వాయిస్తున్నవాడు వాయిస్తున్నట్టే ఆపేశాడు. "ఎవలి పెట్టే?" అన్నాడు. "ఎవలి పెట్టె అంతన్నాను!" రాముడిదని ఏడుస్తూ చెప్పాను. ఆ శనివారం గుండిగలన్నీ నా చేత తోమించాడు. నేను గుండిగలోకి సగం దిగి తోముతుంటే, పక్కన నిలబడి నీళ్ళు పోశాడే తప్ప ఒక్క చెయ్యి వెయ్యలేదు. చేతులకి బూడిద ఒరుసుకుపోయి మంట పుట్టింది. ఇంటికెళ్ళాక కొబ్బరినూనె రాసింది మళ్ళీ తనే. అదీ మా అన్నయ్య.

అప్పటినుంచి నా ఒంట్లో ఆ కట్టుబాటు ఎముకలా పెరిగింది. తర్వాత్తర్వాత అన్నయ్య నాకూ వాయించడం నేర్పాడు. తిత్తి మీద ఎడమ చెయ్యి, మెట్ల మీద కుడి చెయ్యి. అన్నయ్యకి దగ్గు పట్టుకున్న శనివారాల్లో నేనే వాయించేదాన్ని. అలా ఎన్నేళ్ళు వాయించినా అది నా పెట్టె అన్న ఊహ కలలో కూడా రాలేదు. అన్నయ్యకీ రాలేదనే అనుకున్నాను.

ఆ దగ్గే చివరికి తనని తినేసింది. గోదాముల్లో పప్పుల దుమ్ము, మిరపకాయల దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. వదిన ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కూతుర్నీ విశాఖపట్నంలో మా చుట్టాలింట ఇచ్చాం. "అక్కడ మంచి ఆసుపత్రులున్నాయి, తీసుకొచ్చీ అత్తా" అని మేనకోడలు పోరు పెడితే నేనే విమానం ఎక్కించి పంపాను. నాలుగు నెలల్లో నయమై తిరిగొస్తాడనుకున్నాం. వెళ్ళే రోజున పెట్టె ముందు కూర్చుని కాసేపు వాయించి, "నీ పెట్టె నీకాడే ఉంది" అని చెప్పి, గుడ్డ కప్పి లేచాడు. తర్వాత దాన్ని మళ్ళీ చూడలేదు.

అక్కడి వైద్యులు ముందు మందులిచ్చారు, తర్వాత గాలి యంత్రం ఇచ్చారు, ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలిసిందే. మేనకోడలు ఫోనులో బొమ్మ చూపించింది. చెంపలు లోపలికి పోయి, ముక్కుకి గొట్టాలు పెట్టుకుని, నా అన్నయ్య కాదు ఎవరో అన్నట్టున్నాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, "మేళం పెద్దని అడుగే... ఆ పెట్టె... ఒక్కపాలి ఇటు పంపుతారేమో. మల్లా... పంపీత్తాను" అన్నాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగనివాడు. ఆ అడగడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

మేళం పెద్ద అన్నయ్య ఈడువాడే. పక్కన కూర్చుని జీవితమంతా తాళం వేసినవాడు. శనివారం అందరూ కూడినప్పుడు విషయం ఎత్తాను. "అడగాలేటే? ఇయ్యాలే ఒట్టుకెల్లు" అన్నాడు. మా కుర్రకారు ఈ మధ్య కీబోర్డు వాయిస్తున్నారు. కరెంటు ఉన్నంతసేపే దాని సంబడం. యాంగోన్‌లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో రాముడికి కూడా తెలీదు, అది పోగానే కీబోర్డు మూగబోతుంది. అప్పుడు ఈ పెట్టే దిక్కు. అయినా ఒక్కరూ వద్దనలేదు. "పెద్దనాన్న వాయిస్తే వీడియో పంపండి" అన్నారు పిల్లలు.

పబేడాన్‌లోనే, విదేశాలకి సరుకులు పంపే దుకాణంలో నాకు అల్లుడి వరసయ్యే అబ్బాయి పని చేస్తున్నాడు. విమానాశ్రయంలో ఏం చెప్పాలో వాడినడిగాను. వాడికి తెలుగు సగం, బర్మా సగం, పైన ఇంగ్లీషు తాలింపు. అట్టు తింటూ నాకు పాఠం చెప్పాడు.

"ఓన్ యూజ్ అని సెప్పీ అత్తా. నా పెట్టె, నానే వాయించుకుంటాను, మల్లా తెచ్చీసుకుంటాను. అంతే. పాత సామాను గదా, ఎవల్దని అడుగుతారు. గుడి సామాన్లు, మరీ పాతవి అయితే పర్మిట్ కావాలంతారు. ఆ గొడవలోకి ఎల్లకు. బొట్లు గిట్లు పెట్టకు. ఏటడిగినా ఒకటే మాట. నాది."

"నాది" అన్నాను.

"అలగే. ఈజీ గదా!"

ఈజీయే. ఆ వారమంతా నేర్చుకున్నాను. పిండి రుబ్బుతూ బర్మా మాటలో నాది అన్నాను, అట్టు తిప్పుతూ నాది అన్నాను. పెనానికి ఎదురుగా అయితే ఎంత సులువుగా వచ్చిందో! మా ఇంటాయన విని, "ఎవలితోనే ఆస్తి తగువు?" అన్నాడు.

బయల్దేరే ముందు రోజు మేనకోడలు ఫోను చేసింది. "అత్తా, బేగి రా. నాన్న అన్నం మానేసినారు. పెట్టె ఎప్పుడొత్తాదని పొద్దుటినుంచి అడుగుతున్నారు" అంది. ఇంకో మాట అనబోయి ఆగిపోయింది. నేనూ రెట్టించలేదు.

పొద్దున్నే మందిరానికి వెళితే ఆడవాళ్ళంతా అప్పటికే పెట్టెకి పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపూల దండ వేసి కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. "మీకేటి పిచ్చా? బొట్లు ఒద్దని సెప్పేను గదా!" అన్నాను. మేళం పెద్ద భార్య తగ్గే మనిషి కాదు. "సముద్రం దాటి ఎల్తాది, బోడిమొకంతో పంపుతావేటే?" అంది. అందరూ దండం పెట్టారు. మేళం పెద్ద వంగి "రామయ్యా, నీ పెట్టె తీత్తన్నాం. నీ పాటగాడి కాడికే" అన్నాడు. టాక్సీలో నేను దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పైటకొంగు తడిపి తుడిచాను కూడా. పసుపు వదిలింది కానీ కుంకం పాత చెక్కలోకి ఇంకిపోయింది.

మేళం పెద్దాయనా, మేళంలో మరో ఇద్దరూ విమానాశ్రయం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వరు. "ఇమానం ఎగిరీదాకా ఇక్కడే ఉంటాం" అన్నారు. పెట్టెను బండి మీద పెట్టుకుని నేనొక్కదాన్నే లోపలికి తోసుకుపోయాను.

కస్టమ్స్ బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది. చెంపల మీద బర్మా ఆడవాళ్ళు రాసుకునే తనకా గంధం పూత, యూనిఫారం కొత్తది. నన్ను "అడో" అని, మనం పిన్నీ అన్నట్టు, మర్యాదగా పిలిచింది. గుడ్డ తీసి చూపించమంది. చూపించాను. మూత ఎత్తి మెట్లు చూసి నవ్వింది. ఒక మెట్టు నొక్కింది. తిత్తి ఊదందే పలకదని చెప్పి నేనే ఊదాను. 'సా' పలికింది. ఆ పెద్ద హాల్లో, చక్రాల పెట్టెల చప్పుడు మధ్య ఆ 'సా' వినపడేసరికి నాకు అన్నయ్య పక్కన కూర్చున్నట్టే అయింది. మనసంతా మందిరంలోకి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలోనే ఆ పిల్ల కుంకం వైపు చూస్తూ అడిగింది. "చాలా బాగుంది అడో. ఇది మీదేనా?"

"కాదమ్మా, దేవుడిది" అన్నాను.

అనేశాను! వారమంతా పెనం దగ్గర నేర్చుకున్న మాట ఎక్కడికి పోయిందో! పెట్టె మీద చెయ్యి ఉండగా, 'సా' చెవిలో ఉండగా, ఎవరిదని అడిగితే నా ఒళ్ళు దానంతటదే జవాబు చెప్పింది. గుండిగలు తోమిన చేతులు చెప్పాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? వెనక కుర్చీలో కూర్చున్న అధికారి, కళ్ళజోడు మనిషి, తలెత్తి మా వైపు వచ్చాడు.

"ఏ దేవుడిది? గుడి వస్తువా?"

అప్పుడు నాకు తెలివొచ్చింది. "కాదు, కాదు, నాదే. నేనే వాయించుకుంటాను" అన్నాను.

"ఇప్పుడే దేవుడిదన్నారు కదమ్మా."

"అదొక మాట వరస. మేమలా అంటాం."

"మరి ఈ కుంకం? ఎన్నేళ్ళ నాటిది ఇది? గుడివాళ్ళు, పురావస్తు శాఖవాళ్ళు ఇచ్చిన అనుమతి ఉందా?" ఆయన గట్టిగా కూడా మాట్లాడలేదు. కసిరితే నేనూ కసిరేదాన్ని, నాకు చేతనైన విద్య అది. మెత్తగా అడిగేసరికి ఏం చెయ్యాలో తోచక వాదనకి దిగాను. అక్కడే కొంప ముంచుకున్నాను.

"ఇది మా అన్నయ్య తన మొదటి జీతంతో కొన్న పెట్టె. కొని దేవుడికిచ్చాడు. ఇప్పుడు మంచం మీదున్నాడు, ఒక్కసారి చూపించి తెచ్చేస్తాను. దేవుడిదని అన్నానని పట్టుకుంటారేమిటి? మీరు పగోడాకి వెళ్ళరా? మీ అమ్మ అక్కడ ఒక గంట ఇచ్చిందనుకోండి. ఎవరిదని అడిగితే మా అమ్మదంటారా? చెప్పండి! పగోడాదే అంటారు కదా!"

చాలా బాగా మాట్లాడానని అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిజమే, అడో" అన్నాడు. ఆయన కూడా ఆ పిలుపే పిలిచాడు. "పగోడాకిచ్చింది పగోడాదే. ఇచ్చినవాళ్ళు కూడా మళ్ళీ ముట్టుకోకూడదు. మా అమ్మ ఇచ్చిన గంటనైనా నేను దేశం దాటనివ్వను. నన్ను అలాంటి పాపం చెయ్యమంటారా?"

నేను చెప్పిందే నాకు చెప్పాడు. దాన్ని ఎక్కడ పట్టుకుని లాగను? లంచం అడిగే మనిషైతే ఆశ ఉండేది. ఆయన ఆ పెట్టెను బండి మీంచి తనే ఎత్తి, నేల మీద కాకుండా ఎత్తుగా ఉన్న బల్ల మీద, కింద గుడ్డ పరిచి మరీ పెట్టాడు. దేవుడి వస్తువుని ఎలా చూడాలో అలాగే చూశాడు. తిట్టడానికి కూడా సందు లేదు. ఆ పిల్ల నా పక్కకి వచ్చి, "ముందే మీదని ఉంటే బాగుండేది అడో. ఆయన వినేశారు" అంది. ఆ పిల్ల కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

బతిమాలాను. సిగ్గు విడిచి చేతులు పట్టుకున్నాను. అన్నయ్య ఫొటో చూపించాను, ముక్కుకి గొట్టాలున్నది. ఆయన ఫొటో చూసి తల వంచుకున్నాడు. గుడి పెద్దలు ఉత్తరాలు తెచ్చి శాఖలో అనుమతి తీసుకుంటే తనే దగ్గరుండి పంపిస్తానన్నాడు. దానికెన్నాళ్ళు పడుతుందని అడిగితే చెప్పలేకపోయాడు. నా విమానానికి పిలుపు వినపడుతోంది. ఉండిపోయి అనుమతి కోసం తిరగనా? వెళ్ళి అన్నయ్యని చూడనా? మేనకోడలు అనబోయి ఆగిన మాట గుర్తొచ్చింది. పెద్దాయనకి ఫోను చేసి పెట్టె తీసుకుపొమ్మన్నాను.

అద్దం ఇవతలి నుంచి చూశాను. అధికారి చెప్పి లోపలికి రానిస్తే ముగ్గురూ పరుగున వచ్చారు. కళ్ళజోడు అధికారి పెట్టె చూపించాడు. మా పెద్దాయన ఏమైందని ఒక్క మాట అడగలేదు. పెట్టె ముందు వంగి పెదవులు కదిపాడు. ఏమన్నాడో నాకు వినపడక్కర్లేదు. ఆ అధికారి ఆయన చెప్పడం అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను నుదురు కొట్టుకుని విమానం ఎక్కాను. ఒళ్ళో బంతిపూల దండ అలాగే ఉండిపోయింది.

కలకత్తాలో దిగాను, అక్కడినుంచి విశాఖకి రైలు. దారిలో ఏం తిన్నానో, ఎవరితో మాట్లాడానో గుర్తులేదు. నన్ను నేను తిట్టుకున్నాను, అల్లుణ్ణి తిట్టుకున్నాను, బొట్టు పెట్టిన ఆడవాళ్ళని తిట్టుకున్నాను. కాస్త ధైర్యం కూడా చెప్పుకున్నాను. ఎంతైనా కట్టుబాటు తప్పలేదు కదా, దేవుడిదాన్ని దేవుడిదనే చెప్పాను కదా, అన్నయ్య బాధపడినా మెచ్చుకుంటాడు అనుకున్నాను. "మంచి పని సేసినావే" అంటాడని, ఆ ఒక్క మాట చాలని, రైల్లో కూర్చుని అదే ఆలోచించాను.

మేనకోడలి ఇల్లు మూడో అంతస్తులో. లోపలికి వెళ్ళేసరికి అన్నయ్యని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి ఉంచారు. గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మంచం మీద తన ముందు, పెట్టె పట్టేంత చోటు ఖాళీ చేయించి దుప్పటి సర్ది పెట్టించుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు. తర్వాత నా వెనక చూశాడు, గుమ్మం వైపు. ఇంకెవరో మోసుకొస్తున్నారనుకున్నాడు.

"పెట్టె... ఏదే?" అన్నాడు.

చెప్పాను. ఏడుస్తూ అంతా చెప్పాను. 'సా' ఊదడం, ఆ పిల్ల అడగడం, దేవుడిదని అనడం, పగోడా గంట, అన్నీ. చెప్పడం అయ్యాక తన మొహం వైపు చూశాను, ఆ ఒక్క మాట కోసం.

అన్నయ్య తన ముందున్న ఖాళీ చోటు మీద చెయ్యి వేశాడు.

"నాదని... సెప్పనేకపోయావేటే?" అన్నాడు.

"నువ్వే గదా అన్నియ్యా, అనకూడదని..."

"నానూ అనీవోణ్ణే." ఊపిరి కోసం ఆగాడు. "పైకి రాముడిదనీవోణ్ణి. ఎత్తినప్పుడల్లా... లోపల నాదే, నాదే అనుకునీవోణ్ణి. ఒక్కనాడు కూడా... ఆయనికి ఇయ్యనేదే నాను. ఇచ్చినట్టు నటించినాను." కళ్ళ నుంచి నీళ్ళు కారి గొట్టాల మీద పడుతున్నాయి. "అందుకే అందరిసేతా... తోమించినాను. నాది అన్న మాట ఎవల నోట ఇన్నా... నాకు కోపం వొచ్చీది. నాను అననేని మాట... ఆలు అనీసినారని."

నాకు ఒక్కసారిగా కోపం పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళూ మేళమంతటినీ ఆడించి, నన్ను గుండిగలోకి దింపి, తీరా ఇప్పుడా చెప్పడం! ముందే ఒక్క ముక్క చెవిలో వేసి ఉంటే, నువ్వూ మనిషివేనని తెలిసుంటే, ఆ బల్ల దగ్గర నా నోరు తిరిగేది కాదా! ఆ మాట పైకి అనేద్దామని నోరు తెరిచాను. తన కళ్ళు నా చేతుల మీదున్నాయి. చిన్నప్పుడు నూనె రాసిన చేతులే. తెరిచిన నోరు మూసేసి వాటిని తన పాదాల మీద పెట్టి ఏడ్చాను. మేనకోడలు గుమ్మంలో నిలబడి తనూ ఏడ్చింది.

ఆ ఊళ్ళో హార్మనీలు దొరకవా అంటే దొరుకుతాయి. మేనకోడలు సాయంత్రానికల్లా ఒకటి అద్దెకి తెచ్చింది, కొత్తది, తళతళలాడుతోంది. అన్నయ్య దాన్ని ఒకసారి తడిమి, పక్కన పెట్టమన్నాడు. "దీనికి నా సేతి ఏళ్ళు తెలవవు" అన్నాడు. అది వాయించేంత బలం ఎలాగూ లేదు. తిత్తి లాగడానికి ఎడమ చెయ్యి లేవడం లేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, మేనకోడలు మందులకి బయటికి వెళ్ళింది. నేను మంచం పక్కన కూర్చుని తన పాదాలు ఒత్తుతున్నాను. అన్నయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. కాసేపటికి తన ముందు సర్ది ఉంచిన దుప్పటి మీద కుడి చేతి వేళ్ళు కదలడం చూశాను. మొదట వణుకనుకున్నాను. కాదు, వేళ్ళు వరసలో కదులుతున్నాయి. బొటనవేలు కిందికి దూరి పైకొస్తోంది. చూపుడువేలు ఒకచోట నిలబడి, వెనక్కి తగ్గి, మళ్ళీ నిలబడుతోంది. ఏ పాటో పోల్చుకుందామని చూశాను కానీ కళ్ళకి నీళ్ళడ్డమొచ్చి వేళ్ళు కనపడలేదు. ఎడమ చెయ్యి మంచం మీద ఊరికే పడుంది. నేను నా చెయ్యి దాని మీద వేసి మెల్లగా ఊపాను, తిత్తి లాగినట్టు, ముందుకీ వెనక్కీ.

అన్నయ్య కళ్ళు తెరవలేదు.

"ఇనపడతందేటే?" అన్నాడు.

గదిలో గాలి యంత్రం రొద ఒకటే ఉంది. కింద వీధిలో ఎవడో కూరగాయలు అమ్ముతున్నాడు.

"ఇనపడతంది అన్నియ్యా" అన్నాను.

"సుతి... సరిపోయిందా?"

"సరిపోయింది."

తన మొహంలో ఎన్నో నెలలుగా లేని నెమ్మది వచ్చింది. వేళ్ళు ఆగాయి. ఆగితే నాకు భయమేసింది. తన చెయ్యి ఊపడం నేను ఆపలేదు.

"ఇంకో పాట వాయించన్నియ్యా" అన్నాను.